లోపం నా కంప్యూటర్‌లో లేదు

మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడు నా కంప్యూటర్ ముందు కూర్చుని మూడు గంటలు కదలకుండా ఎల్డెన్ రింగ్ ఆడాడు. వాడికి 16 ఏళ్లు. ఆట మొదట్లోనే ఎదురయ్యే బంగారు కవచం తొడిగిన గుర్రపు రౌతు చేతిలో లెక్కలేనన్నిసార్లు ఓడిపోయి, చివరికి ఆ రౌతును పడగొట్టి, కుర్చీలోంచి లేచి గంతులు వేశాడు. ఆ తర్వాత ఆట మూసేసి, తెర కింది మూలలో కాసేపు ఏదో వెతికాడు.

"పిన్నీ, స్టార్ట్ బటన్ ఏది?"

"ఇది విండోస్ కాదు నాన్నా, లినక్స్."

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే మరో సిస్టమ్ లినక్స్. వాడు నా ముఖం వైపూ తెర వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ మూడు గంటల్లో వాడికి ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. వాడికి అనుమానం రాకుండా చేయడానికి ఎంతోమంది ముప్ఫై ఏళ్లు కష్టపడ్డారు.

మర్నాడు, తన స్నేహితులంతా ఆడే ఒక ఆన్‌లైన్ ఆట పెట్టమన్నాడు. డౌన్‌లోడ్ చేసి తెరిచాం. బొమ్మ వచ్చింది, సంగీతం వచ్చింది, ఆ వెంటనే ఒక చిన్న పెట్టె వచ్చి ఈ సిస్టమ్‌లో ఆడటానికి అనుమతి లేదని చెప్పింది. ఆట దానంతట అదే మూసుకుపోయింది. అవతల స్నేహితులు ఎదురుచూస్తున్నారు. వాడి ముఖం చిన్నబోయింది. "నీ కంప్యూటర్‌లో ఏదో లోపం ఉంది పిన్నీ" అన్నాడు.

లేదు. ఆ సంగతి అప్పటికప్పుడు చెప్పాను గానీ, వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. "లినక్స్‌లో ఆటలు నడవవు" అని ఏళ్ల తరబడి అందరూ అంటున్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి చేతకాకపోవడం, రెండోది ఇష్టం లేకపోవడం. మొదటిది దాదాపు తీరిపోయింది. రెండోదాన్ని కూడా మనం మొదటిదాని పేరుతోనే పిలుస్తున్నాం. నా పేచీ అంతా అక్కడే.

ముందు ఆ తీరిపోయిన సంగతి చెబుతాను. అది నాకు ఎంత చెప్పినా తనివి తీరని కథ.

విండోస్ కోసం రాసిన ఆట లినక్స్‌లో నడుస్తోందంటే, లోపల ఎక్కడో ఒక దొంగ విండోస్ దాక్కుని ఉందని చాలామంది ఊహిస్తారు. దాని బరువు కూడా మోయాలి కాబట్టి ఆట నెమ్మదిస్తుందని అనుకుంటారు. అసలు సంగతి వేరు. విండోస్ అంటే ఏమిటో, లినక్స్ అంటే ఏమిటో ప్రాసెసర్‌కు తెలియదు. ఈ రెండు అంకెలు కూడు, దీన్ని అక్కడ పెట్టు, ఇది సున్నా అయితే అటు వెళ్లు అనే ఆదేశాలు ఎక్కడైనా ఒక్కటే. ఆటలోని అలాంటి ఆదేశాలన్నీ నేరుగా ప్రాసెసర్ మీదే నడిచిపోతాయి. చిక్కు వచ్చేది ఆట సిస్టమ్‌ను ఏదైనా అడిగినప్పుడు: ఈ ఫైలు తెరువు, ఈ శబ్దం వినిపించు, నాకు ఇంత మెమరీ ఇవ్వు. ఆ అడగడం విండోస్ మాటల్లో ఉంటుంది. అక్కడ నిలబడిన దుబాసీ పేరు వైన్. విండోస్‌లో ఏ పేరుతో ఏ ఫంక్షన్ ఉందో, అదే పేరుతో, అదే జవాబు ఇచ్చేలా వైన్ తన సొంత ఫంక్షన్లను రాసి పెట్టుకుంది. ఆట అడిగిన మాటను అందుకుని లినక్స్‌కు అర్థమయ్యేలా చెప్పి, వచ్చిన జవాబును మళ్లీ విండోస్ పద్ధతిలో ఆటకు అందిస్తుంది.

ఇది వినడానికి తేలిక. వైన్ పని 1993లో మొదలైంది. 1994 నుంచి దాన్ని నడిపిస్తున్నది అలెగ్జాండర్ జులియార్డ్. 1.0 అని పేరు పెట్టుకునే ధైర్యం వాళ్లకు 2008 జూన్‌లో గానీ రాలేదు. పదిహేనేళ్లు! ఎందుకంటే విండోస్ సోర్స్ కోడ్ వాళ్ల ముందు లేదు. అచ్చువేసిన వివరణల్లో అన్నీ ఉండవు, ఉన్నవన్నీ నిజాలు కావు. ఒక ఫంక్షన్‌కు తప్పుడు అంకె ఇస్తే విండోస్ ఏం చేస్తుంది? ఖాళీ పేరు ఇస్తే? దీనికి వైన్ వాళ్లు కనిపెట్టిన దారి నాకు చాలా ఇష్టం. ఒక చిన్న పరీక్ష ప్రోగ్రామ్ రాస్తారు. దాన్ని అసలు విండోస్‌లో నడిపి ఏం జవాబు వచ్చిందో చూస్తారు. వైన్‌లో కూడా అదే జవాబు వచ్చేదాకా సరిచేస్తారు. విండోస్‌లో పొరపాటు ఉంటే ఆ పొరపాటును కూడా ఉన్నదున్నట్టు దించాల్సిందే. ఏదో ఒక ఆట తెలిసో తెలియకో ఆ పొరపాటు మీద ఆధారపడి ఉంటుంది.

అక్క కొడుక్కి ఆ రోజు ఒక ఫోల్డరు తెరిచి చూపించాను. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొని పెట్టుకున్న ప్రతి విండోస్ ఆటకూ నా డిస్కులో ఇలాంటి ఫోల్డరు ఒకటి ఉంటుంది. అందులోకి వెళితే డ్రైవ్ సి. దానిలో ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్, విండోస్‌లో సిస్టమ్ 32. యూజర్లు అన్న చోట స్టీమ్‌యూజర్ అని ఒకే ఒక్క మనిషి. ఆ ఆట తాను విండోస్‌లోనే ఉన్నానని నమ్మడానికి కావలసిన సరంజామా అంతా ఆ ఒక్క ఫోల్డరులో సర్ది ఉంది. పక్క ఆటకు మరో ఇల్లు, మరో సి డ్రైవ్. ఒక ఆట తన ఇంటిని పాడుచేసుకున్నా పక్కవాళ్లకు సెగ తగలదు. ఫోల్డరు తీసేస్తే ఆ విండోస్ మొత్తం పోతుంది, మళ్లీ తెరిస్తే కొత్తది పుడుతుంది. వాడు ఒక్కో ఫోల్డరులోకీ దిగి, బయటికి వచ్చి, మళ్లీ దిగి చూశాడు.

అన్నిటికన్నా కష్టపెట్టింది బొమ్మ. విండోస్ ఆటల్లో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ కార్డుతో డైరెక్ట్3డీ అనే భాషలో మాట్లాడతాయి. లినక్స్‌లో అప్పట్లో ఉన్నది ఓపెన్‌జీఎల్. ఈ రెండూ వేర్వేరు ఆలోచనలతో పుట్టినవి. ఒకదానిలో ఒక్క మాటతో పోయేదానికి రెండోదానిలో చుట్టు తిరగాల్సి వచ్చేది. ఆ రోజుల్లో నేను ఎంతో ఆశగా ఒక ఆట తెరిచాను. కొండలు ఉన్నాయి, చెట్లు ఉన్నాయి, నీళ్లు లేవు. మనుషులకు ముఖాలు లేవు. కళ్లూ పళ్లూ మాత్రం గాలిలో తేలుతూ నాతో మాట్లాడుతున్నాయి. సెకనుకు పదిహేను ఫ్రేములు కూడా రావడం లేదు. ఆ కళ్లతోనే ఇరవై నిమిషాలు మాట్లాడి మూసేశాను.

2016 ఫిబ్రవరిలో వల్కన్ వచ్చింది. గ్రాఫిక్స్ కార్డుకు బాగా దగ్గరగా ఉండే భాష అది, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఆ పునాది మీద ఫిలిప్ రెబోలే అనే ప్రోగ్రామర్, తాను ఆడాలనుకున్న నీర్: ఆటోమేటా అనే ఆట వైన్‌లో సరిగా కనిపించడం లేదని, డైరెక్ట్3డీ 11ను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే అనే పనిముట్టును మొదలుపెట్టారు. 2018 మొదట్లో దాని మొదటి విడుదల వచ్చింది. కొద్ది వారాల్లోనే స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ఆయనను ఆ పనికే పెట్టుకుంది. అదే ఏడాది ఆగస్టులో వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ కలిపి ప్రోటాన్ అనే పేరుతో స్టీమ్‌లోనే అమర్చింది. పరీక్షించి చూసిన ఆటలు 27 అని మొదటి రోజు జాబితా ఇచ్చారు. మిగతావి మీ బాధ్యత మీద ఆడుకోండి అని ఒక మీట కూడా ఇచ్చారు. ఆ మీట నొక్కిన రాత్రి నాకు బాగా గుర్తుంది. ముఖాలు లేని ఆ పాత ఆటనే మళ్లీ తెరిచాను. మనుషులందరికీ ముఖాలు వచ్చాయి.

2022 ఫిబ్రవరి 25న ఎల్డెన్ రింగ్ విడుదలైంది. విండోస్ కంప్యూటర్లలో అది మధ్యమధ్యలో తడబడుతోందని ఆడేవాళ్లు గగ్గోలు పెట్టారు. మూడు రోజుల తర్వాత, లినక్స్‌తో నడిచే, చేతిలో పట్టుకుని ఆడే వాల్వ్ యంత్రం స్టీమ్ డెక్ బయటికి వచ్చింది. ఆట కొన్ని చోట్ల వేలకొద్దీ చిన్న చిన్న గ్రాఫిక్స్ వనరులను ఒక్కసారిగా పుట్టిస్తోందనీ, దాంతో మెమరీ చూసుకునే భాగానికి ఊపిరి ఆడటం లేదనీ వాల్వ్ ఇంజనీర్లు గుర్తించారు. ఆ కేటాయింపులను పారేయకుండా దాచి మళ్లీ వాడేలా తమ అనువాద పొరలో మార్పు చేశారు. ఆట రాసినవాళ్లు ఇంకా సవరణ ఇవ్వకముందే ఆ చోట్ల లినక్స్‌లో తడబాటు తగ్గింది. దుబాసీ చెప్పిన మాట అసలు మాటకన్నా సాఫీగా వినిపించిన సందర్భం అది. అక్క కొడుకు ఆడింది ఆ ఆటనే.

2025 మార్చిలో వచ్చిన లినక్స్ 6.14 కెర్నల్‌లో, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగంలో, ఎన్‌టీసింక్ అనే డ్రైవర్ చేరింది. ఆటలో ఒకేసారి అనేక పనులు నడుస్తూ ఒకదానికోసం ఒకటి ఆగుతుంటాయి కదా, విండోస్‌లో ఆ ఆగడానికి ఉన్న పద్ధతి లినక్స్ పద్ధతితో కలవదు. ఆ తేడాను పూడ్చడానికి వైన్ కోసం పనిచేసే ఎలిజబెత్ ఫిగురా రాసిన డ్రైవర్ అది. విండోస్ ప్రోగ్రాముల అలవాట్ల కోసం లినక్స్ తన నడిబొడ్డులో చోటిచ్చింది. ఆటలంటే పిల్లల గొడవ అని చప్పరించిన రోజులు చూసినదాన్ని కాబట్టి, ఆ వార్త చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి మారిన సంగతి చెప్పాలి. చాలాకాలం నేను లినక్స్ కోసమే తయారైన ఆటలు తప్ప కొననని పట్టుబట్టినదాన్ని. అనువాదంతో సరిపెట్టుకుంటే మన కోసం ఎవరూ రాయరని నా వాదన. ఆ వాదనకు వెనక మంచి చరిత్రే ఉంది. 1998లో పుట్టిన లోకీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ విండోస్ ఆటలను ఒక్కొక్కటిగా లినక్స్‌కు తిరగరాసి అమ్మింది. 2002లో మూతపడింది. అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా మొదలుపెట్టిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ ఈనాటికీ లెక్కలేనన్ని ఆటలకు ఆధారం. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లినక్స్‌కు వచ్చినప్పుడు మళ్లీ ఆశ పుట్టింది. 2015లో లినక్స్‌తో నడిచే స్టీమ్ మెషీన్లు అనే ఆటల కంప్యూటర్లు అమ్మకానికి వచ్చి నిలబడలేకపోయాయి. పెద్ద ఆటలు వాటికి రాలేదు. వచ్చిన వాటిని కూడా చాలాచోట్ల ఒకసారి తయారుచేసి వదిలేశారు.

నన్ను మార్చింది ఈ చరిత్ర కాదు, నా సొంత అనుభవం. అప్పట్లో మురిసిపోయి కొన్న ఒక లినక్స్ ఆటను కొన్నేళ్ల తర్వాత తెరిస్తే తెరుచుకోలేదు. అది అడిగే పాత లైబ్రరీలు కొత్త సిస్టమ్‌లో లేవు. ఉన్నవి దానికి పనికిరావు. తయారుచేసినవాళ్లు పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టి, చివరికి అదే ఆట విండోస్ రూపాన్ని ప్రోటాన్‌తో తెరిచాను. మొదటి నొక్కుకే తెరుచుకుంది. నాకు నిజంగా బాధ కలిగింది. లినక్స్ కెర్నల్ పాత ప్రోగ్రాములకు ఇచ్చిన మాట తప్పదు, ఆ విషయంలో లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ పట్టుదల అందరికీ తెలిసిందే. కానీ కెర్నల్ పైన ఉన్న పొరలకు ఆ పట్టుదల లేదు. 2022 ఆగస్టులో గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీ కొత్త వెర్షన్‌లో ఒక చిన్న పాత పట్టికను వదిలేస్తే, మోసాలను కనిపెట్టే ఒక సాఫ్ట్‌వేర్ దాన్నే వెతుక్కుని ఎన్నో ఆటలు ఆగిపోయాయి. లినక్స్‌లో ఏళ్ల తరబడి మారకుండా నిలబడే వేదిక విండోస్ ఫంక్షన్ల జాబితాయేనని ఈ రంగంలో పనిచేసేవాళ్లే అంటారు. నేను ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అందులో ఒక గొప్ప మేలు కూడా ఉంది. నా దగ్గర చిన్నప్పటి సీడీ ఒకటి మిగిలింది, 1990ల నాటి వ్యూహాల ఆట. ఆట 32 బిట్‌ల కోసం రాసింది, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ మాత్రం 16 బిట్. అప్పట్లో అలా చాలా వచ్చాయి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు దగ్గరికే రానివ్వదు, కాబట్టి ఆ సీడీ అక్కడ చచ్చినట్టే లెక్క. వైన్‌లో ఆ ఇన్‌స్టాలర్ తెరుచుకుంది. నీలం రంగు నేపథ్యం, నెమ్మదిగా కదిలే గీత, చివర్లో "పూర్తయింది" అనే పెట్టె. డబ్బు పెట్టి కొన్న వస్తువు ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా నాదే అయి ఉండటం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఒక ఆటను బతికించుకోవడం అంటే దాని చుట్టూ ఉన్న ప్రపంచాన్ని కూడా బతికించుకోవడం. వైన్ ఆ పనిని బహిరంగంగా, ఎవరైనా చదివి సరిదిద్దగలిగేలా చేసి పెట్టింది.

వాల్వ్‌కు ఇందులో స్వార్థం లేదా అంటే ఉంది. 2012లో విండోస్ 8 తన సొంత దుకాణంతో రాబోతున్నప్పుడు, అది పీసీ రంగానికే విపత్తు అని వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ బహిరంగంగానే అన్నారు. తన అంగడిని మరొకరి ఇంటి అరుగు మీద పెట్టుకున్నవాడికి ఆ ఇంటివాడు తానే అంగడి తెరిస్తే గుబులు పుట్టదా? ఆ గుబులే ఇంత దూరం నడిపించింది. అయినా నాకు అభ్యంతరం లేదు. వైన్ 2002 నుంచి, కోడ్‌ను ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే ఎల్‌జీపీఎల్ లైసెన్సు కింద ఉంది, డీఎక్స్‌వీకే లైసెన్సు ఇంకా ఉదారం. రేపు వాల్వ్ మనసు మారినా జరిగిన పని వెనక్కి పోదు. స్టీమ్ బయట కొన్న ఆటలకు హీరోయిక్, లుట్రిస్ లాంటి ఆటలు తెరిచే ప్రోగ్రాములు ఆ పనినే వాడుకుంటున్నాయి.

ఇక ఆ చిన్న పెట్టె దగ్గరికి వస్తాను. అనుమతి లేదని చెప్పిన పెట్టె.

ఆన్‌లైన్ ఆటల్లో మోసం నిజమైన జబ్బు. గోడల్లోంచి చూసేవాళ్లు, గురి తప్పకుండా కాల్చే ప్రోగ్రాము పెట్టుకున్నవాళ్లు ఒక్కరు చేరినా మిగతావాళ్ల సాయంత్రం పాడవుతుంది. పిల్లలు ఏడుస్తారు, పెద్దలు ఆట మానేస్తారు. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. మోసాన్ని పట్టడానికి యాంటీ చీట్ అనే కాపలా ప్రోగ్రాములు వచ్చాయి. మోసగాళ్లు సిస్టమ్ లోపలికి దిగేకొద్దీ కాపలా కూడా వాళ్ల వెంట దిగి, చివరికి విండోస్ కెర్నల్‌లో, అంటే కంప్యూటర్‌లో దేన్నయినా చూడగల, మార్చగల చోట కూర్చుంది.

ప్రోటాన్‌కు అక్కడ చోటు లేదు. అది కెర్నల్ పైన నిలబడి అనువదించే పొర. ఈ ముడిని 2021 సెప్టెంబరులో చాలావరకు విప్పారు. ఎక్కువ ఆటలు వాడే రెండు కాపలాలు, ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ, ప్రోటాన్‌లోనూ పనిచేస్తామని ప్రకటించాయి. ఒక్కటే షరతు, ఆట తయారీదారు సరే అనాలి. ఇక్కడ నిదానంగా చదవమని కోరుతున్నాను. ఎల్డెన్ రింగ్‌లో ఉన్నది ఈజీ యాంటీ చీటే. వాళ్లు సరే అన్నారు, లినక్స్‌లో ఆన్‌లైన్ ఆట నడుస్తోంది. అదే కాపలా ఉన్న మరో ఆట వాళ్లు సరే అనలేదు, అది నడవదు. ఏపెక్స్ లెజెండ్స్ ముందు సరే అని, ఎంతోమంది స్టీమ్ డెక్‌లో ఆడుకున్నాక, 2024 అక్టోబరు 31న లినక్స్‌ను మూసేసింది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐని చేర్చుకుంది, లినక్స్ తలుపు మాత్రం తెరవలేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను వైన్‌లో ఏళ్ల తరబడి ఆడినవాళ్లు ఉన్నారు. 2024 మేలో కెర్నల్ కాపలా వచ్చింది, వాళ్ల ఆట అయిపోయింది. వీటిలో ఏ ఒక్కటీ ముందురోజు రాత్రి లినక్స్‌కు కొత్తగా జబ్బు చేసి ఆగలేదు.

అవతలివాళ్ల వాదనలో బలం ఉంది, దాన్ని దాచను. లినక్స్‌లో కెర్నల్‌ను ఎవరైనా మార్చి కట్టుకోవచ్చు. పైన కూర్చున్న కాపలాకు కింద ఏం మారిందో కనిపించదు. ఈ స్వేచ్ఛనే మోసగాళ్లు వాడుకుంటున్నారని ఏపెక్స్ వాళ్లు కూడా చెప్పారు. లినక్స్‌లో ఆడేవాళ్లు కొద్దిమంది, వాళ్లకోసం ఇంత బెడద ఎందుకు అని ఒక కంపెనీ లెక్కలు వేసుకుంటే ఆ లెక్క నాకు అర్థమవుతుంది.

కానీ ఆ లెక్కలో మనం చెల్లిస్తున్నది ఎవరూ రాయడం లేదు. కెర్నల్‌లోకి ఒక ప్రోగ్రామును రానిస్తే ఏం జరుగుతుందో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ పంపితే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో పడిపోయాయి, విమానాలు ఆగాయి. అది ఆటల కాపలా కాదు, నిజమే. కూర్చున్న చోటు మాత్రం అదే. ఆటల కాపలా ఉదాహరణే కావాలంటే 2022లో జరిగింది. జెన్షిన్ ఇంపాక్ట్ ఆట కెర్నల్ డ్రైవర్‌ను దుండగులు విడిగా తీసుకుని, వైరస్ పట్టే సాఫ్ట్‌వేర్‌ను చంపడానికి వాడి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడులు చేశారు. ఆ డ్రైవర్‌కు అసలైన సంతకం ఉంది కాబట్టి విండోస్ దాన్ని నమ్మింది. దాడికి గురైన కంప్యూటర్‌లో ఆ ఆట ఉండాల్సిన అవసరం కూడా లేదు.

పోనీ, ఇంత ఇచ్చాక మోసం ఆగిందా? మరో యంత్రాన్ని పక్కన పెట్టుకుని, మెమరీని నేరుగా చదివే కార్డు గుచ్చి, కెర్నల్ కాపలాకు అంతుచిక్కకుండా మోసం చేసేవాళ్లు విండోస్‌లోనే ఉన్నారు. రెండో దారి లేకపోలేదు. గోడ వెనక శత్రువు ఎక్కడున్నాడో నా కంప్యూటర్‌కు పంపకపోతే గోడల్లోంచి చూడటం కుదరదు. ఈ పద్ధతిని వాలరెంట్ అనే ఆట తయారుచేసినవాళ్లు 2020లోనే అమలుచేసి వివరంగా రాశారు కూడా. గురి చూసి పెట్టే ప్రోగ్రాములను ఇది ఆపలేదు, వాటికి ఆటగాళ్ల నడవడిని సర్వర్ వైపు నుంచి గమనించాలి. అది ఖర్చుతో కూడిన పని, ఎప్పటికీ తెగని పని. వాల్వ్ ఆట కౌంటర్ స్ట్రైక్ 2 కెర్నల్ జోలికి పోకుండానే, లినక్స్‌లో సొంతంగా నడుస్తూ, పెద్ద పోటీలకు వేదికగా ఉంది. అందులో మోసగాళ్ల గురించి ఫిర్యాదులు ఉన్నాయి, నేనూ చూశాను. కెర్నల్‌లో కూర్చున్న ఆటల్లోనూ ఉన్నాయి.

సర్వర్‌లో పెట్టాల్సిన ఖర్చును తప్పించుకోవడానికి నా ఇంటి తాళాలు అడుగుతున్నారు. ఇవ్వనంటే నా ఇంట్లో లోపం ఉందంటున్నారు. నాకు కోపం వచ్చేది ఈ రెండో మాటకే. "మీ సిస్టమ్ సరిపోదు" అని కాకుండా "మేము మీకు అనుమతి ఇవ్వడం లేదు" అని ఆ పెట్టెలో నిజం రాస్తే, పదహారేళ్ల పిల్లవాడికి కూడా ఎవరిని అడగాలో తెలుస్తుంది.

మన వైపు తప్పులు కూడా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లతో "అన్నీ నడుస్తాయి" అని మనం చెప్పే అబద్ధం వాళ్లను వారం రోజుల్లో వెనక్కి పంపిస్తుంది. నడవవు. మీరు రోజూ ఆడే ఆట ఏదో ముందు చెప్పండి, అది ఆన్‌లైన్ ఆటయితే ఏ ఆట ఎలా నడుస్తోందో ఆడేవాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో ఇతరులు ఏం రాశారో చూడండి, అప్పుడు నిర్ణయించుకోండి అని చెప్పాలి. ఆటలను విండోస్ డిస్కు భాగంలోనే ఉంచి లినక్స్ నుంచి నడపబోతే ఏవేవో అర్థంకాని తప్పులు వస్తాయి, లినక్స్ భాగంలోకి మార్చుకోవాలి. ఆట మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు, అంటే బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు, తయారుచేస్తున్నామంటూ కాసేపు ఆగమంటే ఆగాలి, లేదంటే ఆ తడబాటంతా ఆట మధ్యలో వస్తుంది. ఇలాంటివి నాలుగు మాటలు ఓపికగా చెబితే చాలు. బదులుగా "ఆ ఆట ఎందుకు ఆడటం, ఇంకో ఆట ఆడండి" అనే జవాబు నేను ఎన్నోసార్లు విన్నాను. స్నేహితులు ఉన్న చోటికే మనిషి వెళ్తాడు. దానికి తప్పుపట్టడం నాకు నచ్చదు.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అడిగే అర్హతలు లేని, నిక్షేపంగా పనిచేసే కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. అదే నెలలో స్టీమ్ వాడేవాళ్లలో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఒట్టేసి చెప్పను. మూడు శాతం చిన్న అంకె అనేవాళ్లు ఉంటారు. సరే అనాలా వద్దా అని తయారీదారు ఆలోచించే బల్ల దగ్గర ఆ అంకె పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. కాబట్టి లినక్స్‌లో ఆడేవాళ్లు దాచుకోకుండా లినక్స్‌లోనే కొనండి, లినక్స్ నుంచే ఫిర్యాదు చేయండి. మీ కంప్యూటర్ వివరాలను స్టీమ్ తన సర్వే కోసం అడిగితే సరే అనండి.

అక్క కొడుకు ఇంటికి వెళ్లిపోయాడు. అక్కడ వాళ్లమ్మ లాప్‌టాప్‌లో విండోస్ ఉంది, ఆ ఆన్‌లైన్ ఆట అక్కడే ఆడుకుంటున్నాడు. వద్దని నేను అనలేదు. ఒక రాత్రి ఫోను చేశాడు.

"పిన్నీ, నీ దగ్గర ఇంకో పాత కంప్యూటర్ ఉందిగా. దానిలో విండోస్ వేసుకుని రావచ్చు కదా, మాకు ఒకరు తక్కువయ్యారు."

"వేయను నాన్నా."

"నీకు మాతో ఆడాలని లేదా?"

"ఉంది" అన్నాను. నిజంగానే ఉంది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎల్డెన్ రింగ్‌లో ఒక చోట చిక్కుకుపోయానని చెప్పాడు. అక్కడ పడిన తిప్పలన్నీ ఏకరువు పెట్టాడు. నేను కంప్యూటర్ తెరిచి, వాడు చెప్పిన చోటికి వెళ్లి, తలుపు ముందు నేల మీద నా గుర్తు రాశాను. బంగారు రంగులో వెలిగింది. అటు విండోస్‌లో వాడికి అది కనిపించడానికి ఒక నిమిషం పట్టింది.

"కనిపించింది పిన్నీ, ఉండు, పిలుస్తున్నాను" అన్నాడు.